రాజోలు త గణం, కడియం స గణం

పోయిన నెలలో ఒక ఆదివారం సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం నిలబడి ఉన్నాం, నేనూ మా అక్క కూతురూ. అది పదో తరగతి. చేతిలో తెలుగు నోటుపుస్తకం ఉంది, మర్నాడు పరీక్ష. పంటు ఇంకా అవతల నరసాపురం ఒడ్డునే ఉంది, రావడానికి టైం పట్టేలా ఉంది. అప్పుడు అది నా చెయ్యి లాగి, "మావయ్యా, గణాలంటే ఏంటి, నిజంగా?" అంది.

ఆ "నిజంగా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే దానికి యమాతారాజభానసలగం గడగడా వచ్చు, ఉత్పలమాలకి భ ర న భ భ ర వ అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, పద్యపాదం ఇస్తే గీతలు పెట్టి విడగొట్టి మార్కులు తెచ్చుకుంటుంది. అవన్నీ ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకూ చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. మా బళ్ళో ఛందస్సు అంటే నాలుగు మార్కుల ప్రశ్న, అంతే. చెవికి ముందే తెలిసిన విషయానికి పేర్లు పెట్టడమే ఛందస్సు అని నాకు అర్థమయ్యేసరికి ముప్పై ఏళ్ళు దాటాయి. అంత ఆలస్యం దానికి కాకూడదనిపించి, ఆ రేవులోనే మొదలుపెట్టాను. ఆ రోజు చెప్పుకున్నవీ తర్వాత ఫోన్లలో చెప్పుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరింట్లోనైనా పదో తరగతి పిల్లలుంటే పనికొస్తుందని.

ముందు చిటికె వెయ్యమన్నాను. ఒక చిటికె వేసేంత సేపట్లో పలికేది లఘువు, రెండు చిటికెల సేపు పట్టేది గురువు. పుస్తకంలో లఘువుకి నిలువు గీత, గురువుకి గిన్నె లాంటి గుర్తు పెడతారు, ఇక్కడ నేను ల, గ అని రాస్తాను. క లఘువు, కా గురువు. కి లఘువు, కీ గురువు. ఐ, ఔ ఉన్నవీ, సున్నా ఉన్నవీ, విసర్గ ఉన్నవీ, పొల్లుతో ఆగేవీ గురువులు. ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది లేదు. అందరూ తప్పు చేసేది వత్తు దగ్గర. అమ్మ అన్న మాటలో ఏది గురువు అంటే మా మేనకోడలు ఠక్కున "మ్మ" అంది, వత్తు ఉంది కాబట్టి బరువు దానిదే అనుకుని. కాదు. దాని ముందున్న అ గురువు. ఎందుకో తెలియాలంటే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని అమ్మ అని నెమ్మదిగా అనాలి. పెదాలు మొదట మూసుకునేది అ తోనే, అమ్ అని ఆగుతాం, తర్వాత మ అని విడుస్తాం. ఆ ఆగిన సేపు ముందక్షరం ఖాతాలో పడుతుంది. నాలుగుసార్లు అని చూసుకుని "అవును మావయ్యా, నిజమే" అంది, మొహం వెలిగిపోయింది. నియమం కంఠస్థం చేసిన పిల్లే, కానీ దాన్ని తన నోట్లో పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇందులోనే రెండు మెలికలున్నాయి. అమృతం అన్న మాటలో అ లఘువే, ఎందుకంటే మృ కింద ఉన్న వట్రసుడి అచ్చు గుర్తు, అది హల్లు వత్తు కాదు. రెండోది, విడి విడి తెలుగు మాటలు పక్కపక్కన ఉన్నప్పుడు రెండో మాట వత్తుతో మొదలైనా మొదటి మాట చివరక్షరం సాధారణంగా బరువెక్కదు. పాలకొల్లు, ర్యాలి అని వరసగా అన్నా ల్లు లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసంలో అయితే రెండు మాటలూ ఒకే మాటైపోతాయి కాబట్టి అక్కడ గురువవుతుంది.

ఇక గణం. మూడక్షరాల కట్ట అనుకోండి. ఒక్కో అక్షరం ల అయినా అవ్వాలి, గ అయినా అవ్వాలి, కాబట్టి మూడక్షరాలకి మొత్తం ఎనిమిది రకాలే వస్తాయి. ఆ ఎనిమిదింటికీ పేర్లు య, మ, త, ర, జ, భ, న, స. యమాతారాజభానసలగం అన్నది వట్టి మంత్రం కాదు, అది ఒక చిన్న యంత్రం. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర వేలు పెట్టి, దానితో కలిపి మూడక్షరాలు చదవాలి. య దగ్గర పెడితే య మా తా, అంటే ల గ గ. భ దగ్గర పెడితే భా న స, అంటే గ ల ల. చివర్లో ల, గం ఎందుకున్నాయంటే న, స లకి కూడా మూడక్షరాలు సరిపోవాలని. ఇంత తెలివైన వాక్యాన్ని ఎవరు కట్టారో గానీ వాళ్ళకి నమస్కారం.

అప్పుడు పంటు వచ్చింది. మోటారు సైకిళ్ళూ ఆటోలూ ఎక్కేశాక మేమూ రెయిలింగు పక్కన నిలబడ్డాం, పంటు కదిలింది, ఊళ్ళ పేర్లతో ఆట మొదలైంది. మన ఊళ్ళన్నీ గణాలే. రాజోలు గ గ ల, అంటే త గణం. ఆచంట కూడా అదే. కడియం ల ల గ, స గణం. తణుకు మూడూ లఘువులే, న గణం. అత్తిలి భ గణం. మేము దాటుతున్న గోదారి పాయ వశిష్ఠ ల గ ల, జ గణం. ద్రాక్షారామం నాలుగూ గురువులే, మ గణం మీద ఇంకో గురువు. ర గణానికి ఊరు దొరక్క వీరవాసరంలోంచి వాసరం ఒక్కటీ విడదీసుకున్నాం. య గణానికి యెదుర్లంక పట్టుకున్నాం కానీ చివర ఒక లఘువు ఎక్కువైంది. ఆట మధ్యలో అది అన్న మాట నన్ను ఆశ్చర్యపరిచింది: "మావయ్యా, అమలాపురం, నరసాపురం, ధవళేశ్వరం మూడూ ఒకటే." నిజమే, మూడూ ల ల గ ల గ. ఒక పద్యపాదంలో అమలాపురం ఉన్న చోట నరసాపురం పెడితే నడక చెక్కుచెదరదు. మూడూ ఒకే తూకం. గణం అంటే అదే, మాట అర్థం పక్కన పెట్టి దాని తూకం చూడటం. కాటా మీద కొబ్బరికాయైనా ఒకటే, అరటికాయైనా ఒకటే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే ఆటవెలది, తేటగీతి అర్థం కావు. మూడక్షరాల గణాలతో నడిచే పద్యాలు వృత్తాలు, ఇవి సంస్కృతం నుంచి వచ్చాయి, అక్షరాల లెక్క గట్టిగా ఉంటుంది. మన దేశి పద్యాలకి వేరే గణాలున్నాయి, సూర్య గణాలు, ఇంద్ర గణాలు. సూర్య గణాలు రెండే: న (ల ల ల), హ (గ ల). రెండూ మూడు చిటికెలే. ఇంద్ర గణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటికి నాలుగు చిటికెలో ఐదు చిటికెలో పడతాయి. నా మట్టుకు నేను వీటిని చిన్న అడుగు, పెద్ద అడుగు అని గుర్తుపెట్టుకున్నాను. పలివెల ఊరి పేరు నల. పెనుగొండ సల. ఉండి ఒక హ గణం. కోనసీమ, పాలకొల్లు, కాకినాడ, రాజమండ్రి, కొత్తపేట, మండపేట, వైనతేయ, ఇవన్నీ రెండేసి హ గణాలు, గల గల. గోదారి జిల్లాల్లో పేర్లు ఇలా గలగలమని పలకడం చూసి మేమిద్దరం చాలా సంతోషపడ్డాం.

ఆటవెలదికి మొదటి పాదంలో మూడు సూర్య గణాలు, తర్వాత రెండు ఇంద్ర గణాలు. రెండో పాదంలో ఐదూ సూర్య గణాలే. మూడు, నాలుగు పాదాలు మళ్ళీ అలాగే. అంటే మూడు చిన్నడుగులు వేసి రెండు పెద్దడుగులు, తర్వాత వరసగా ఐదు చిన్నడుగులు. ఆట వెలది అంటే నాట్యం చేసే అమ్మాయి కదా, ఆ పేరు ఊరికే పెట్టలేదు. వేమన పద్యాలు చెవిలో అలా ఉండిపోవడానికి ఈ నడకే కారణమని నా నమ్మకం. పంటు దిగేలోపు మేము ఊళ్ళ పేర్లతోనే ఒక ఆటవెలది కట్టాం:

రాజమండ్రి తణుకు రాజోలు పెనుగొండ
కోనసీమ పాలకొల్లు దాటి
కొబ్బరాకు నీడ గోదారి పరుగెత్తు
కడలి దాక సాగు కవితలాగ

"తణుకులో గోదారి ఎక్కడుంది?" అని అడిగింది. కాలవల్లో పారేది గోదారి నీళ్ళే కదా అన్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ నీళ్ళు ఎన్ని ఊళ్ళ మీదుగా వెళ్తున్నాయో లెక్క తీస్తే పద్యాలు చాలవు.

విడగొట్టి చూడండి. రాజ, మండ్రి, తణుకు, మూడు సూర్య గణాలు. రాజోలు త, పెనుగొండ సల, రెండు ఇంద్ర గణాలు. రెండో పాదం కోన, సీమ, పాల, కొల్లు, దాటి, ఐదు హ గణాలు.

ఈ పద్యంలోనే యతి కూడా ఉంది. పాదం మొదటి అక్షరానికీ, మధ్యలో ఫలానా చోట వచ్చే అక్షరానికీ పోలిక ఉండాలి, అదే యతి. ఆటవెలదిలో అది నాలుగో గణం మొదటి అక్షరం. రాజమండ్రిలో రా, రాజోలులో రా. కోనసీమలో కో, కొల్లులో కొ. కొబ్బరాకులో కొ, గోదారిలో గో. కడలి, కవిత. మూడో పాదంలో క కీ గ కీ పొత్తు కుదిరింది చూశారా, యతికి అదే అక్షరం రానక్కర్లేదు, చుట్టాలొచ్చినా చాలు. క ఖ గ ఘ ఒక కుటుంబం. త థ ద ధ ఒకటి. ప ఫ బ భ వ ఒకటి. చ ఛ జ ఝ తో శ ష స కలుస్తాయి. హల్లు ఒక్కటీ కలిస్తే చాలదు, దాని మీదున్న అచ్చు కూడా కలవాలి: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. నోట్లో ఒకే చోట పుట్టే శబ్దాలు ఒక జట్టుగా ఉండటం చూస్తే, ఈ నియమాలు చేసినవాళ్ళు ఎంత శ్రద్ధగా చెవి పెట్టి విన్నారో తెలుస్తుంది.

సంస్కృతంలో యతి అంటే ఊపిరి తీసుకోవడానికి ఆగే చోటు. తెలుగులో ఆగనక్కర్లేదు, మాట మధ్యలో కూడా పడొచ్చు, పాలకొల్లులో కొ మాట నడుమ పడింది కదా. తెలుగు యతికి వడి అని ఇంకో పేరుంది. పాదం మొదట్లో మోగిన గంట మధ్యలో మళ్ళీ చిన్నగా మోగడం అది, మనకి తెలియకుండానే చెవి దానికోసం ఎదురుచూస్తుంది. ఛందస్సులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది యతే. దాన్ని ఇబ్బంది అనుకునేవాళ్ళున్నారు. నేనైతే అది వెతికించిన మాటల్లో మంచి మాటలు ఎన్నో దొరకడం చూశాను, పైన పద్యంలో గోదారిని ఆ చోటికి తెచ్చింది కొబ్బరాకులో కొ యే.

ప్రాస గురించి చాలామంది పొరపాటు పడుతుంటారు. మామూలు మాటల్లో మనం లైను చివర ఒకేలా మోగితే ప్రాస అంటాం, సినిమా పాటల్లోనూ డైలాగుల్లోనూ అదే. దాని సరైన పేరు అంత్యప్రాస. ఛందస్సులో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం, అందులో ఉన్న హల్లు, ఒకటే కావడం. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ఆ నియమం లేదు. వృత్తాలకీ కందానికీ ద్విపదకీ ఉంది. ద్విపద అంటే రెండు పాదాలు, ఒక్కోదానిలో మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం, మూడో గణం మొదట యతి. నేను రాసుకున్నదొకటి:

పడవలో కూర్చుంటె పాటొచ్చినట్టు
గుడిగంట వినగానె గూడెక్కు కొంగ

పడవలో డ, గుడిలో డి, అదే ప్రాస. అచ్చు మారినా పర్వాలేదు, డ ఉంటే చాలు. ఇంకో చిన్న సంగతి, ప్రాసకి ముందున్న అక్షరం మొదటి పాదంలో లఘువైతే అన్నిట్లోనూ లఘువే కావాలి, ఇక్కడ ప, గు రెండూ లఘువులే. ద్విపద పాదాలు రెండు కలిపి ఒక్క పాదంగా రాస్తే తరువోజ అవుతుంది. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ్య భారతం మొదలుపెట్టింది పదకొండో శతాబ్దంలో, అంటే ఆయనకి దాదాపు రెండొందల ఏళ్ళ ముందే తెలుగువాళ్ళు రాళ్ళ మీద యతిప్రాసలతో పద్యాలు చెక్కుకున్నారు. ఈ సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

వృత్తాల్లో పిల్లలకి చెప్పాల్సిన కిటుకు ఒకటుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అని నాలుగూ విడివిడిగా బట్టీ పట్టి టెన్షన్ పడతారు, నిజానికి అవి రెండే. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, మొదటిది గురువు. ఆ ఒక్క గురువునీ రెండు లఘువులుగా విడగొట్టండి, ఇరవైఒక్క అక్షరాలై చంపకమాల అయిపోతుంది, మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా అదే. యతి పదో అక్షరం నుంచి పదకొండో అక్షరానికి జరుగుతుంది, ముందు ఒకటి పెరిగింది కాబట్టి. శార్దూలంలో పంతొమ్మిది అక్షరాలు, యతి పదమూడో చోట. దాని మొదటి గురువుని అలాగే విడగొడితే ఇరవై అక్షరాల మత్తేభం, యతి పద్నాలుగో చోట. నమ్మకపోతే కాగితం మీద రాసి చూసుకోండి. మా మేనకోడలికి ఇది ఫోన్లో చెబితే అవతలి నుంచి కాసేపు మాట లేదు, పెన్ను చప్పుడు వినబడింది, తర్వాత "ఇది మా క్లాసులో అందరికీ చెప్పేస్తాను" అంది.

మా తాతయ్యకి ఈ పేర్లు ఎన్ని తెలుసో నాకు తెలియదు, ఆయన చదువు చిన్న తరగతులతోనే ఆగిపోయింది. కానీ తీర్థాల్లో పౌరాణిక నాటకం ఉందంటే గోనెసంచి చంకలో పెట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు, హార్మోనియం శ్రుతి అందగానే వెన్ను నిటారయ్యేది, పద్యం బాగుంటే వన్స్ మోర్ అని ఆయన గొంతే మొదట లేచేది. ఒకసారి నటుడు ఒక మాట మార్చి పాడితే "అక్కడ కుంటింది" అన్నాడు. గణం తప్పింది అని ఆయన అనలేదు, కుంటింది అన్నాడు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటూ ఒక ఊపులో కొలిచే మనిషి, ఆ ఊపు తప్పితే లెక్క తప్పుతుందని ఆయనకి తెలుసు. అన్నట్టు, స్టేజీ పద్యం విని గణాలు కట్టబోతే మాత్రం దెబ్బతింటారు, రాగం తీసేటప్పుడు లఘువుని కూడా సాగదీస్తారు కాబట్టి. గణాలు మాట పలుకుని బట్టి, రాగాన్ని బట్టి కాదు.

నడక అయ్యింది, ఇక అలంకారం. దీనికి ఎక్కువ చెప్పను, ఒక్క వరద చాలు. శ్రావణంలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు లంకల్లో గట్లు ఎలా కోసుకుపోతాయో చూసినవాళ్ళకి తెలుసు. "వరద గోదారి ఆకలేసిన ఆవులా గట్లు నాకుతోంది" అంటే ఉపమ. గోదారి ఉపమేయం, ఆవు ఉపమానం, నాకడం రెండింటికీ ఉన్న సమానధర్మం, లా అన్నది ఉపమావాచకం. ఆ లా తీసేసి గోదారే ఆవు అనేస్తే, గోదారి ఆవు గట్లు నాకుతోంది అంటే, రూపకం. గట్టు విరిగి పడుతుంటే పాత బాకీ ఏదో తీరుస్తున్నట్టుంది అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఏ పోలికా లేకుండా గట్టు మీద పగులు రావడం, మట్టి పెళ్ళ ఒరగడం, కొబ్బరిచెట్టు వేళ్ళు గాల్లో తేలడం, చెట్టు తలకిందులుగా నీళ్ళలోకి వెళ్ళడం, ఉన్నది ఉన్నట్టు కళ్ళకి కట్టేలా చెబితే స్వభావోక్తి. ఈ నాలుగింట్లో రాయడానికి స్వభావోక్తే కష్టమని నా అభిప్రాయం. పోలిక చెప్పేవాడు ఆవు వెనక దాక్కోవచ్చు, స్వభావోక్తి రాసేవాడికి ఆ చాటు కూడా ఉండదు.

పాకం అన్న మాట కోనసీమవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నోట్లో వేసుకోగానే రసం దిగితే ద్రాక్షాపాకం, తొక్క ఒలుచుకోవాలి అంటే కదళీపాకం, పీచు తీసి టెంక పగలగొడితేగానీ అందకపోతే నారికేళపాకం. రావులపాలెం అరటి మార్కెట్టూ అంబాజీపేట కొబ్బరి మార్కెట్టూ చూస్తూ పెరిగిన పిల్లకి అది చెప్పగానే, "అయితే మా పుస్తకంలో సగం అంబాజీపేటే" అంది.

ధ్వని ఒక్కటీ పరీక్షలో సరిగ్గా అడగరు, కానీ కవిత్వంలో అసలు రుచి అక్కడే ఉంది. పైకి చెప్పిన మాట ఒకటి, వినేవాడి మనసులో మోగేది ఇంకొకటి. ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో దీని మీదే ఒక సిద్ధాంతం నిలబెట్టాడు. మాకు చిన్నప్పుడు పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు, చీకటి పడ్డాక అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని "ఆఖరి పంటు వెళ్ళిపోయిందా బాబూ?" అని అడిగేవారు. ఆవిడకి పంటుతో పని లేదు. కొడుకు రాలేదు, ఇక ఈ రాత్రికి రాడు, అది ఆవిడ అడగని ప్రశ్న. ఆవిడ ఏడవలేదు, కొడుకు మాట ఎత్తలేదు, అయినా ఆ వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది.

వీటన్నిటినీ ఒక్కసారిగా చూడాలంటే అష్టావధానానికి వెళ్ళాలి. ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది, పద్యాల్లో జవాబు చెప్పే అవధాని ఒక్కడు. సమస్య ఇచ్చేవాళ్ళు పద్యం చివరి పాదం ఇచ్చి మిగతాది పూరించమంటారు, అందులో ఉన్న ప్రాస పై పాదాలన్నిటినీ కట్టేస్తుంది. దత్తపదిలో నాలుగు పదాలిచ్చి వాటిని పద్యంలో పొదగమంటారు. నిషిద్ధాక్షరి ఇంకా గట్టిది, అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరం రాబోతుందో ఊహించి అది వద్దంటారు. యతి చోటు దగ్గరపడుతుంటే సభంతా ఊపిరి బిగబడుతుంది, ఎందుకంటే అక్కడ ఏ జట్టు అక్షరాలు రావాలో అందరికీ తెలుసు. యతి ప్రాసల పేర్లు తెలిసి చూస్తే అవధానం క్రికెట్ మ్యాచంత ఉత్కంఠగా ఉంటుంది, తెలియకపోతే పెద్దమనిషి ఎవరో ఆగి ఆగి మాట్లాడుతున్నట్టుంటుంది. ఈ విద్యని ఊరూరా తిప్పి జనానికి దగ్గర చేసిన తిరుపతి వేంకట కవులు ఇక్కడివాళ్ళే, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1870లో కడియంలో పుట్టారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1872లో భీమవరం దగ్గర యండగండిలో.

వచన కవిత్వానికి ఇవేమీ అక్కర్లేదు కదా అని అడిగేవాళ్ళుంటారు. గణం అక్కర్లేదు, యతి అక్కర్లేదు, నిజమే. లయ మాత్రం కావాలి. గురజాడ 1910లో ముత్యాల సరాలు రాసినప్పుడే అక్షర గణాలు పక్కన పెట్టి మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక తీసుకున్నారు. మాత్ర అంటే మనం మొదట్లో వేసిన చిటికే. తర్వాత వచ్చిన కవులు ఆ లెక్క కూడా వదిలి పాదాన్ని ఎక్కడ విరవాలి, ఏ భావచిత్రం ఎక్కడ పెట్టాలి అన్నదానితో లయ తెచ్చారు. వచన కవితలో పాదం విరిచే చోటు చూస్తే ఆ మనిషికి చెవి ఉందో లేదో తెలిసిపోతుంది. వాక్యాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పేర్చినవి ఈ మధ్య చాలా కనిపిస్తున్నాయి. చదివితే ఎక్కడా మోగవు. వాళ్ళు ఒక్క నెల ఆటవెలదులు రాసి మళ్ళీ వచనానికి వస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా మేనకోడలి పరీక్ష అయిపోయింది, మార్కులెన్నో నేను అడగలేదు. మొన్న గురువారం సాయంత్రం వాట్సాప్‌లో ఇది పంపింది, ఎవరూ రాయమనలేదు:

బడికి వెళ్ళు దారి వరదొచ్చి మునిగింది
పడవలోన నేను భయముతోటి
తాత తెడ్డు వేసి తలపాగ సవరించి
నవ్వి పద్యమొకటి చక్కగ పాడె

పోయిన వరదల్లో వాళ్ళ లంకలో పిల్లల్ని బడికి పడవ మీద దాటించిన పెద్దాయన గురించి. బ కీ వ కీ యతి కలిపింది, ప కీ భ కీ కలిపింది, నాకు పట్టరాని ఆనందం వేసింది. గ్రాంథికమూ వాడుక భాషా కలిసిపోయాయని ఎవరైనా అంటే అననివ్వండి. నాలుగో పాదంలో మాత్రం చక్కగ దగ్గర గణమూ తప్పింది, యతీ తప్పింది. నేను తప్పు అని రాయలేదు, తాతయ్య మాటే రాశాను: "అమ్మలూ, చివర్లో కుంటింది, నాలుగో గణం చూసుకో. న తో మొదలయ్యే చిన్నడుగు కావాలి."

గంటయింది, రెండు గంటలయింది, జవాబు లేదు. నాకు ఒక మాట తోచింది కానీ పంపలేదు. రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. హలో కూడా అనకుండా, చిటికెలు వేస్తూ, "నవ్వి, పద్య, మొకటి, నాకు, పాడె" అంది.

"మావయ్యా, నాకు. ఆ తాత నాకే పాడాడు."

నేను అనుకున్న మాట అది కాదు, నగుచు అనుకున్నాను.

నవ్వి పద్యమొకటి నాకు పాడె.